చిల్లిగవ్వ విలువ

జాతీయాలు భాషకు జీవగర్రలని మనం విద్యార్థులకు చెబుతూ ఉంటాము. చెప్పి, నల్లబల్లమీద ఒక పట్టిక వ్రాసి, ప్రక్కన అర్థాలు వ్రాయించి, సొంతవాక్యాలలో ప్రయోగించమని పరీక్షలో అడిగి, రెండు మార్కులు వేసి ఊరకుంటాము. ఆ జాతీయం పుట్టిన వస్తువు ఏది, అది ఎక్కడిది, ఎవరి చేతులలో తిరిగినది అన్న విచారణ మన పాఠంలో కానరాదు. తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్న నేను కూడా ఈ దోషానికి అతీతుడను కాను. నా కన్ను తెరిపించినది ఒక విద్యార్థిని అడిగిన చిన్న ప్రశ్న. ఆ ప్రశ్నను తోటి ఉపాధ్యాయుల ముందు ఉంచడానికే ఈ వ్యాసం.

హుస్నాబాద్ చాలకాలం కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన ఊరు. ఇక్కడినుండి సముద్రం చూడాలంటే గీత గీసినట్లు పోయినా దాదాపు మూడువందల కిలోమీటర్లు పోవలె. చుట్టుప్రక్కల లంబాడీ తండాలు అనేకం. తరగతిలో తండాలనుండి వచ్చే పిల్లలు ఎప్పుడూ కొందరుంటారు. ఒకనాడు జాతీయాల పాఠంలో 'చిల్లిగవ్వ' వచ్చినది. "ఏమాత్రం విలువలేనిది, చేతిలో చిల్లిగవ్వ లేదంటే బొత్తిగా డబ్బు లేదని అర్థం" అని నేను అలవాటుగా చెప్పి ముందుకు సాగబోయినాను. వెనుక వరుసలో ఒక అమ్మాయి లేచి నిలబడినది.

"సార్, మా నానమ్మ రైకకు కుట్టినయన్నీ చిల్లిగవ్వలే. చిల్లి లేకుంటే దారం ఎట్ల పడుతది?"

తరగతి గొల్లున నవ్వినది. నేనూ నవ్వినాను. నవ్విన తరువాత సమాధానం కోసం వెదికితే నావద్ద ఏమీ లేదు. 'గవ్వ' అన్న మాట వేలసార్లు పలికినవాడనే గాని, గవ్వను ఒక ప్రాణి గుల్లగా, ఒక నాణెంగా, ఒక నగగా ఎన్నడూ తలచి ఎరుగను. నాలుగు రోజుల తరువాత ఆ అమ్మాయి పాతగుడ్డలో చుట్టి ఆ రవికను తెచ్చి చూపినది. అద్దపు బిళ్ళలు, రంగుదారపు కుట్లు, అంచు పొడుగునా తెల్లగా గవ్వలు. ప్రతి గవ్వకూ వీపు అరగదీసి చిల్లి చేసి, పండ్లవంటి గాట్లున్న నోటివైపు పైకి కనబడేటట్లు కుట్టినారు. కొన్నింటి నునుపు అరిగి పసుపుపచ్చనై ఉన్నది. వాటిని చూస్తూ 'ఏమాత్రం విలువలేనిది' అన్న నా అర్థాన్ని మళ్ళీ చెప్పడానికి నాకు నోరు రాలేదు.

గవ్వ ఎక్కడిదో తెలుసుకుందాము. అది సముద్రపు నత్త ఇల్లు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాలలోని పగడపు దిబ్బల దగ్గర, లోతులేని నీటిలో, రాళ్ళ క్రింద ఈ నత్త ఒదిగి ఉంటుంది. చీకటి పడిన తరువాత వెలుపలికి వచ్చి నాచు మేస్తుంది. నాణెంగా చెలామణి అయిన చిన్నగవ్వ సాధారణంగా రెండుమూడు సెంటిమీటర్లకు మించదు. లేతవయసులో దీని గుల్ల పలుచగా, మెలిక తిరిగి, మామూలు నత్తగుల్ల పోలికలోనే ఉంటుంది. వయసు వచ్చినప్పుడు పెదవి లోనికి ముడుచుకొని, నోరు సన్నని చీలికయై, రెండంచులకూ పండ్లు మొలుస్తాయి. ఆ తరువాత గుల్ల దళసరి కావడమే గాని పెద్దది కాదు.

మరి ఆ నునుపు ఎక్కడిది? బ్రతికి ఉన్న గవ్వ తన మెత్తని మేనిపొరను రెండువైపులనుండి గుల్ల మీదికి చాచి కప్పుకుంటుంది. ఆ పొరయే గుల్లకు పైపూతలు పూస్తూ, గరుకు అంటకుండా కాపాడుతుంది. ఏ కంసాలీ మెరుగు పెట్టనక్కరలేని నగ అది. ఆడగవ్వ తాను పెట్టిన గుడ్లను పాదంతో కప్పి కూర్చుంటుందని కూడా జీవశాస్త్రజ్ఞులు గమనించినారు. గుడ్లమీద కోడి పొదిగినట్లు సముద్రగర్భంలో ఒక నత్త తన గుడ్లను కనిపెట్టుకొని ఉండడం పిల్లలకు చెప్పదగిన ముచ్చట కాదా?

1758లో స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ జాతికి 'సైప్రియా మొనీటా' అని పేరు పెట్టినాడు. నేటి శాస్త్రజ్ఞులు 'మొనెటేరియా మొనీటా' అంటున్నారు. మొనీటా అన్నది రోమునగరంలో జూనో దేవతకున్న బిరుదు. ఆమె గుడిని ఆనుకొనియే అప్పటి టంకశాల ఉండేది. నేడు మనం వాడే 'మనీ' అన్న మాట ఆ పేరునుండి పుట్టినదే. మన సంస్కృతంలో గవ్వకు వరాటకమనీ, కపర్దకమనీ పేర్లు. కపర్దమంటే శివుని జటాజూటం కూడా. అందుకే ఆయన కపర్ది. హిందీలోని 'కౌడీ' ఈ కపర్దకం బిడ్డయే. లిన్నేయసుకు గవ్వను చూస్తే నాణెం స్ఫురిస్తే, మనవారికి దేవుని జడముడి స్ఫురించినదన్నమాట.

గవ్వ ధనమైనది ఒక్క మనదేశంలోనే కాదు. చీనాలో 1976లో అన్‌యాంగ్ వద్ద త్రవ్విన ఫూహావ్ అనే రాణి సమాధిలో వేలకొలది గవ్వలు దొరికినవి. ఆమె నేటికి మూడువేల రెండువందల సంవత్సరాల నాటిది. చీనాలిపిలో ధనం, కొనుబడి, వెల మొదలైన భావాలు తెలిపే అక్షరాలెన్నింటిలోనో గవ్వగుర్తు ఇప్పటికీ అంగమై ఉన్నది. ఆ జాతి గవ్వతో లెక్కించడం మానివేసినది గాని, గవ్వతో వ్రాయడం మానలేదు.

మన గణితానికి వస్తే, భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన లీలావతి గవ్వల లెక్కతోనే మొదలవుతుంది. ఇరువది గవ్వలు ఒక కాకిణి. నాలుగు కాకిణులు ఒక పణం. పదునారు పణాలు ఒక ద్రమ్మం. పదునారు ద్రమ్మాలు ఒక నిష్కం. పలకమీద హెచ్చవేసి చూడండి: పణానికి 80 గవ్వలు, ద్రమ్మానికి 1,280, నిష్కానికి 20,480. వంగ, ఉత్కళ దేశాలలో వాడుకలో ఉండిన లెక్క వేరు: నాలుగు గవ్వలు ఒక గండా, ఇరువది గండాలు ఒక పణం, పదునారు పణాలు ఒక కాహన్. దారులు వేరైనా పణం దగ్గర 80, ఆ పైమెట్టున 1,280 అన్న సంఖ్యలు రెండింటిలోనూ ఒకటే. శాస్త్రగ్రంథంలోని లెక్కా అంగడిలోని లెక్కా ఇంత చక్కగా కలియడం అరుదు.

ఈ గవ్వలకు పుట్టిల్లు మాల్దీవులు. 1343లో అక్కడికి చేరి, న్యాయాధికారిగా ఉద్యోగం కూడా చేసిన ఇబ్న్ బతూతా వీటి సంగతి వివరంగా వ్రాసినాడు. ద్వీపవాసులు నీటినుండి గవ్వలను ఏరి, తీరాన గుంటలలో పూడ్చి, లోపలి మాంసం కుళ్ళిపోగా తెల్లని గుల్లలను తీసుకునేవారు. వాటిని వంగదేశీయులకిచ్చి బదులుగా బియ్యం పుచ్చుకునేవారు. అక్కడ ఒక బంగారు దీనారుకు నాలుగు లక్షల గవ్వలు. ధర పడిపోయినప్పుడు పన్నెండు లక్షలు. అదే యాత్రికుడు తరువాత ఆఫ్రికాలోని మాలీ రాజ్యానికి పోయినప్పుడు దీనారుకు 1,150 గవ్వలు చెల్లడం చూచినాడు. గవ్వ అదే. దూరం మారితే విలువ దాదాపు మూడువందల యాభై రెట్లు పెరిగినది! ఒక వస్తువు విలువ ఆ వస్తువులో ఉన్నదా, దానిని పట్టుకున్న మనుషుల ఒప్పుదలలో ఉన్నదా అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి ఉదాహరణ ఏ అర్థశాస్త్రోపన్యాసంలో దొరుకుతుంది?

గవ్వకు మకిలి అంటిన అధ్యాయం కూడా ఉన్నది. ఐరోపా వర్తకులు మాల్దీవుల గవ్వలను ఓడలకెత్తి ఆమ్‌స్టర్‌డామ్, లండన్ రేవులకు చేర్చి, అక్కడినుండి ఆఫ్రికా పశ్చిమతీరానికి పంపి, వాటితో మనుషులను కొన్నారు. తల్లినుండి బిడ్డను విడదీసి అమ్మినప్పుడు తూకం వేసిన సరుకులలో ఈ ముచ్చటైన గుల్ల కూడా ఒకటి. నత్తకు ఈ పాపం తెలియదు, లెక్కపెట్టినవారికి తెలియును.

మనదేశంలో గవ్వనాణెం రాజ్యపు బొక్కసాన్ని కూడా నింపినది. 1778లో సిల్హెట్టుకు కలెక్టరుగా పోయిన రాబర్ట్ లిండ్సే కాలంలో అక్కడి శిస్తు గవ్వలలోనే వసూలయ్యేది. శిస్తు రెండున్నర లక్షల రూపాయలు. రూపాయికి నాలుగు కాహన్‌లు, అనగా 5,120 గవ్వలు. లెక్క వేస్తే నూట ఇరువది ఎనిమిది కోట్ల గవ్వలు! వాటిని దాచడానికి కొట్లు, ఢాకాకు చేర్చడానికి పడవల వరుసలు కావలసివచ్చినవి. 1803లో ఒరిస్సాను కైవసం చేసుకున్న కుంపిణీవారు శిస్తును వెండిలోనే కట్టవలెనని పట్టుబట్టినారు. గవ్వలలో దాచుకున్నవాని దాపుడు కరగిపోయినది. ధాన్యం అమ్మి గవ్వలు తెచ్చుకున్న రైతు, ఆ గవ్వలిచ్చి వెండి కొనబోతే నానాటికీ ఎక్కువ గవ్వలు అడిగినారు. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వాన పైకులు తిరుగబడడానికి ఉన్న కారణాలలో ఈ గవ్వల పతనం కూడా ఒకటి. మన గంజాం సీమనుండి ఘుమ్సర్ కోదులు కూడా ఆ తిరుగుబాటులో కలిసినారు. నిన్నటిదాకా ధనమైనది నేడు కాదని ఒక కాగితం చెప్పినప్పుడు, నష్టపోయేది ఆ కాగితం వ్రాసినవాడు కాడు.

ఇక మన జాతీయం. నాణెంగా చెల్లే గవ్వకు నిండుతనమే ముద్ర. రాజముఖం లేదు, అక్షరం లేదు. చెక్కుచెదరకుండా ఉండడమే దాని సాక్ష్యం. పగిలినదానిని లెక్కలో కలుపుకోవడానికి ఎవడు ఒప్పుకుంటాడు? హిందీవారు 'ఫూటీ కౌడీ' అన్నప్పుడు పగిలిన గవ్వనే తలచినారు. మనవారు 'చిల్లిగవ్వ' అన్నారు, 'గుడ్డిగవ్వ' అన్నారు. తొలుత గవ్వయే నాణెములలో కడగొట్టుది. అందులో చిల్లిపడినది ఇంకా అధమం. ఈ విధంగా లేమికి చివరిమెట్టు చెప్పడానికి ఆ మాట స్థిరపడినదని నేను భావిస్తున్నాను. అయితే ఇది అంగడి చెప్పిన అర్థం. ఆఫ్రికాలోని దహోమీ రాజ్యంలో నలభై గవ్వలను దారానికి గ్రుచ్చి ఒక పేరుగా చెల్లించేవారు. అక్కడ చిల్లి పొడిచిన గవ్వయే ధనం. కాబట్టి చిల్లి దోషమన్నది కూడా ఒక అంగడి ఒప్పుదలయే గాని ప్రకృతి శాసనం కాదు.

మన ముందరే ఉన్న మరొక అర్థం తండా చెప్పినది. గవ్వకు చిల్లి పొడిచిననాడు అది అంగడినుండి సెలవు తీసుకొని ఒంటిమీదికి వస్తున్నది. ఇక దానిని ఎవరూ మారకానికి అడుగరు. అడిగినా అది పోదు. కాంచళి అంచున, పైటచెంగున, నీళ్ళకుండ క్రింది చుట్టకుదురున, ఎద్దు నుదుటిపట్టెడమీద అది కూర్చుంటుంది. తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి వస్తుంది. ఒకటి ఖర్చుకు, ఒకటి గుర్తుకు. ఖర్చుకు పనికిరానిదల్లా విలువలేనిదైతే, మన ఇండ్లలో పెండ్లినాటి తాళికి, తాతగారి చేతికర్రకు, అమ్మ వాడిన ఇత్తడి చెంబుకు ఏ విలువ కట్టగలము?

లంబాడీల చరిత్ర తెలిసినవారికి ఈ పోలిక మరింత లోతుగా తోచును. వారు తరతరాలుగా ఎద్దులమీద ఉప్పు, ధాన్యం మోసి దేశాన్ని పోషించిన సార్థవాహులు. 1632లో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు పదునాలుగు వేల ఎద్దులున్న ఒక బిడారును ఉత్తరదేశంలో కన్నులారా చూచి వ్రాసినాడు. 'తండా' అన్న మాటకు ఆనాడు నడిచే బిడారని అర్థం. అది నిలిచిపోయిన ఊరుగా మారినది తరువాత. సముద్రపు ఉప్పును మెట్టనాడులకు చేర్చిన ఎద్దులే సముద్రపు గవ్వలనూ చేర్చి ఉంటవని అనుకోవడంలో తప్పు లేదు. 1874లో వాడీనుండి సికింద్రాబాదుకు రైలు వచ్చినది. ఇనుపదారులు వ్యాపించిన కొద్దీ ఎద్దుల బిడారుకు పని లేకుండా పోయినది. గవ్వ చెల్లదన్న శతాబ్దిలోనే, గవ్వను ధరించినవారి వృత్తి కూడా చెల్లకుండా పోవడం కాకతాళీయమే కావచ్చు, అయినా ఆలోచింపదగినది. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డు తెగలలో స్థానం లభించినది 1976లో. 2018 నాటి చట్టంతో అనేక తండాలు గ్రామపంచాయతీలైనవి. నాణెం మార్చిన రాజ్యం ఇన్నేండ్లకు తన లెక్కను కొంత సరిదిద్దుకున్నది. బడిలోని మన లెక్క మాటేమిటి?

ఇది ఒక్క తండా సొత్తేనని కూడా అనరాదు. మల్లన్న, ఎల్లమ్మ కొలుపులలో గవ్వలపేర్లు కనబడుతూనే ఉన్నవి. ఇంటి అరుగుమీద గీసిన అష్టాచెమ్మ గడుల మధ్య నాలుగు గవ్వలు దొర్లని పల్లె నా చిన్ననాట లేదు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లపడితే అష్ట. చదువురాని ముసలమ్మ సంభావ్యతాశాస్త్రం పేరు వినకుండానే ఏ పందెం ఎన్నిసార్లకు పడుతుందో ఎరిగి, కాయ నడిపేది. పిండివంటలలో బెల్లపు గవ్వలున్నవి. నోట గవ్వ, చేత గవ్వ, నైవేద్యాన గవ్వ. ఒక్క మన పాఠంలోనే గవ్వ లేదు.

దీనికి ఆక్షేపణలు రాగలవని ఎరుగుదును. జాతీయానికి వస్తువు తెలియనక్కరలేదు, వాడుక తెలిస్తే చాలునని కొందరంటారు. నిజమే, దమ్మిడీని కంటితో చూడనివారు కూడా 'దమ్మిడీ ఆదాయం లేదు' అంటున్నారు, ఎదుటివారు గ్రహిస్తున్నారు. వాడుకకు అది చాలును. చదువుకు చాలదు. వాడుక నేర్పడానికి ఇల్లున్నది, వీధి ఉన్నది. బడి ఉన్నది అంతకు మించి ఏదో చెప్పడానికే. మరికొందరు, అయితే చిల్లిగవ్వ అన్న జాతీయాన్ని మానుకోమంటారా అని అడుగవచ్చును. ఎంతమాత్రం కాదు. మాటను వెలివేయడం నా అభిమతం కాదు. మాట వెనుక ఉన్న రెండవ అర్థాన్ని లోనికి పిలవడమే నా అభిమతం. ఒక మాటకు అంగడి ఇచ్చిన వెల మాత్రమే చెప్పి ఊరకుంటే, ఆ వస్తువును ఇంటిలో గౌరవంగా దాచుకున్న పిల్ల తరగతిలో తల వంచుకోవలసి వస్తుంది. తన నానమ్మ మేనిమీది నగ తెలుగుపుస్తకంలో దారిద్ర్యానికి మారుపేరని ఆమె నేర్చుకుంటుంది. ఈ పాఠం ఎవరూ వ్రాయలేదు, అయినా మనమే చెబుతున్నాము.

ఇంతలో పాతబట్టలు కొనేవారు తండాలకు వస్తున్నారు. ఏండ్ల తరబడి కుట్టిన గవ్వల రవికలు, పైటలు స్వల్పమైన వెలకు పోయి, పట్టణాలలో ముక్కలై, చేతిసంచులకు అతుకులవుతున్నవి. కొత్త దుస్తుల మీద ప్లాస్టిక్ గవ్వలు వస్తున్నవి. కుట్టు తెలిసిన చేతులు ముసలివైపోతున్నవి. ఒక్కొక్క కుట్టుకూ ఆ చేతులు పెట్టుకున్న పేర్లు ఏ నిఘంటువుకూ ఎక్కలేదు. వస్తువు పోయిన తరువాత మాటను బ్రతికించడం మహామహోపాధ్యాయులకు కూడా సాధ్యం కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి స్వల్పమైనది. జాతీయం చెప్పేనాడు బల్లమీద నాలుగు గవ్వలు ఉంచండి. ఒకటి నిండుది, ఒకటి చిల్లి పొడిచినది తప్పక ఉండవలె. తెలుగు పంతులు మాట చెప్పినప్పుడే గణితం పంతులు భాస్కరుని పట్టిక చెప్పవచ్చును, జీవశాస్త్రం పంతులు నత్త సంగతి, చరిత్ర పంతులు సిల్హెట్టు పడవల సంగతి చెప్పవచ్చును. ఒక చిన్న గుల్ల నాలుగు తరగతులను ఒకచోట కూర్చగలదు. ఆపైన తండాపిల్లలతో, వారి నానమ్మలను అడిగి కుట్ల పేర్లు వ్రాసుకొని రమ్మనండి. ఆ మాటలు గోర్ బోలిలో ఉంటవి. తెలుగు లిపిలో వ్రాస్తే తెలుగుకు వచ్చే నష్టం ఏమీ లేదు, లాభం మాత్రం ఉన్నది. విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంటి వస్తువు పుస్తకంలో చిన్నబోయినట్లు కనిపిస్తే సిగ్గుపడకండి. లేచి నిలబడి ప్రశ్న అడగండి.

ఆనాడు ఆ అమ్మాయికి నేను సమాధానం చెప్పలేకపోయినాను. మరుసటి సంవత్సరం అదే పాఠం వచ్చినప్పుడు నల్లబల్లమీద రెండు వరుసలు వ్రాసినాను. చిల్లిగవ్వ: అంగడిలో చెల్లనిది. చిల్లిగవ్వ: దారం పట్టినది. రెండవ వరుసకు అర్థం చెప్పమని తరగతిని అడిగితే, ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనుక వరుసనుండి రెండు చేతులు లేచినవి.